జీతం రోజు, స్కోరు రోజు

ఖరగ్‌పూర్‌లో రైల్వే జీతం నెల చివరి పనిదినాన బ్యాంకులో పడుతుంది. దేశంలోని బ్యాంకులు తమ ఖాతాదారుల అప్పుల వివరాలను క్రెడిట్ బ్యూరోలకు పంపడానికి 2025 నియమం ప్రకారం లెక్క కట్టే రెండు తేదీల్లో ఒకటి కూడా నెలాఖరే, రెండోది 15. రిజర్వ్ బ్యాంక్ 2024 ఆగస్టు 8న ఇచ్చిన ఆదేశం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి రావడంతో పక్షానికోసారి పంపడం తప్పనిసరి అయింది. అంతకుముందు నెలకొకసారి పంపితే సరిపోయేది. నెలంతా కార్డు గీకి, జీతం పడ్డ మర్నాడు బిల్లు కట్టేసే రైల్వే వర్క్‌షాప్ ఉద్యోగిని చూడండి. బాకీ నిండుగా ఉన్న రోజునే అతను ఫొటోకి నిలబడుతున్నాడు. ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు, గడువు దాటలేదు. అయినా క్రెడిట్ స్కోరు కొంత కిందికి జారి ఉండొచ్చు. కారణం వెతికితే దొరికేది ఒకే మాట: కార్డు వినియోగ నిష్పత్తి.

ఈ నిష్పత్తి గురించి తెలుగు పత్రికల ఆర్థిక పేజీల్లో పదే పదే కనిపించే సలహా ఒకటుంది: లిమిట్‌లో 30 శాతం మించి వాడకండి. సలహా చెడ్డదేమీ కాదు. కానీ దాన్ని చెప్పే తీరులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. అమెరికా స్కోరు సూత్రం, భారతీయ బ్యూరోల పద్ధతి, కార్డు వడ్డీ భారం. వాటిని విడదీసి చూస్తే, 30 అనే అంకె చుట్టూ ఉన్న భయంలో సగం అనవసరమనీ, భయపడాల్సిన చోటు వేరే ఉందనీ తెలుస్తుంది.

లెక్క చాలా సులువు. కార్డు మీద ఉన్న బాకీని లిమిట్‌తో భాగిస్తే వచ్చే శాతమే వినియోగ నిష్పత్తి. రూ.40,000 లిమిట్ ఉన్న కార్డుతో ఊళ్లోని గోల్‌బజార్‌లో రూ.28,000 ఫ్రిజ్ కొంటే నిష్పత్తి 70 శాతం. రెండు మూడు కార్డులుంటే అన్నిటి బాకీలు కలిపి, అన్నిటి లిమిట్లతో భాగిస్తారు; ఒక్కో కార్డును విడిగానూ చూస్తారు. నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకున్నా లెక్క అంతే. నెలకు కట్టేది రెండు వేలే కావచ్చు, కార్డు లిమిట్‌లో మాత్రం మిగిలిన అసలంతా ఇరుక్కుని ఉంటుంది. ఇంట్లో వాళ్లకు ఇచ్చిన యాడ్ ఆన్ కార్డు వాడకం కూడా అసలు కార్డుదారు లెక్కలోకే వస్తుంది. హైదరాబాద్‌లో చదువుకునే కొడుకు అక్కడ బిర్యానీ తిన్నా, బాకీ కనిపించేది ఖరగ్‌పూర్ నింపురాలో ఉన్న నాన్న పేరు మీదే.

2022 సెప్టెంబరులో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపాక ఇది ఇంకో మెట్టు ఎక్కింది. అంతవరకూ కార్డంటే టికెట్లకూ, ఫ్రిజ్‌కూ, పెద్ద దుకాణానికీ. ఇప్పుడు ఖరీదా బజారులో కూరగాయలకూ, స్టేషన్ బయట టీకీ క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు, ఖర్చు క్రెడిట్ కార్డు మీద పడుతుంది. చిన్న లిమిట్ ఉన్నవాడి నిష్పత్తి పండగలూ పబ్బాలూ లేని నెలలో కూడా 50, 60 దాటడం వింతేమీ కాదు.

ఇక 30 ఎక్కడిది? అమెరికాలో 1989లో వచ్చిన ఫైకో స్కోరు తన బరువులను స్థూలంగా బయటపెడుతుంది: చెల్లింపుల చరిత్రకు 35 శాతం, ఉన్న బాకీలకు 30, ఖాతాల వయసుకు 15, కొత్త అప్పులకు 10, అప్పుల రకాలకు 10. బాకీలకిచ్చిన ఈ 30 శాతం బరువులో కార్డు వినియోగ నిష్పత్తి ముఖ్యమైన భాగం, మొత్తం కాదు. లిమిట్‌లో 30 శాతం దాటకూడదన్నది దీనికి సంబంధం లేని మరో 30, అనుభవం మీద పుట్టిన సలహా. రెండు అంకెలూ ఒకటే కావడం వల్ల ఎన్నో వ్యాసాల్లో ఒకదాని చోట ఇంకొకటి కూర్చుంది. స్కోరు సూత్రంలో 30 దగ్గర గోడ ఏదీ లేదు. 29 నుంచి 31కి వెళ్తే కొంప మునగదు, 90 నుంచి 60కి దిగినా మేలే జరుగుతుంది. అత్యధిక స్కోర్లున్న వాళ్ల నిష్పత్తి 10 లోపే ఉంటుందని ఫైకో చెబుతుంది. అలాగని సున్నా దగ్గర ఉంచితే అదనపు బహుమతి ఏదీ లేదు.

మన దగ్గర నాలుగు బ్యూరోలున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. నాలుగూ 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం కింద పనిచేస్తాయి. స్కోరు 300 నుంచి 900 దాకా. 2000లో పుట్టిన సిబిల్ పేరే జనం నోట స్కోరుకు మారుపేరైంది. వాడకం ఎక్కువైతే స్కోరు తగ్గవచ్చని సిబిల్ చెబుతుంది, ఎన్ని పాయింట్లన్నది చెప్పదు. సూత్రం పూర్తిగా బయట లేదు. అందుకే వినియోగ నిష్పత్తికి ఇంత శాతం బరువు అంటూ ఖచ్చితమైన పట్టిక వేసే భారతీయ వ్యాసాలను నేను నమ్మను. రిపోర్టు తెరిస్తే మాత్రం బ్యూరో దేన్ని చూస్తుందో తేటగా కనిపిస్తుంది: లిమిట్, ప్రస్తుత బాకీ, గడువు మీరిన మొత్తం, నెలనెలా ఎన్ని రోజులు ఆలస్యమైందో చూపే 36 నెలల వరుస. ఆలస్యం లేని నెలకు ఆ వరుసలో 000 అని పడుతుంది.

ఇందులో అన్యాయం ఎక్కడుందో చెప్పడానికి ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు వర్క్‌షాప్‌లో కొత్తగా చేరిన టెక్నీషియన్, లిమిట్ రూ.40,000, నెలకు కార్డు మీద రూ.20,000 ఖర్చు. ఇంకొకరు ఐఐటీలో పనిచేసే అధికారి, లిమిట్ రూ.5 లక్షలు, నెలకు రూ.1 లక్ష ఖర్చు. ఇద్దరూ ప్రతి నెలా పైసాతో సహా కట్టేస్తారు. మొదటివాడి నిష్పత్తి 50, రెండోవాడిది 20. ఐదింతలు ఖర్చుపెట్టేవాడు పొదుపరిగా, ఐదో వంతు ఖర్చుపెట్టేవాడు ఇరకాటంలో ఉన్నవాడిగా కనిపిస్తారు. నిష్పత్తి అసలు కొలిచేది పొదుపును కాదు, బ్యాంకు మనకిచ్చిన జాగాలో ఎంత నిండిందో మాత్రమే. ఆ జాగా జీతాన్నీ, ఉద్యోగాన్నీ, పాత పరిచయాన్నీ బట్టి వస్తుంది. వర్క్‌షాప్ గేటు లోపల చేసిన పనికీ ఆ నిష్పత్తికీ సంబంధం లేదు.

అయినా దీనికొక మంచి గుణం ఉంది. పాత తరహా స్కోర్లలో వినియోగ నిష్పత్తికి జ్ఞాపకం లేదు. ఈ పక్షం 70 ఉండి, వచ్చే పక్షం 8కి దిగితే పాత 70ని ఎవరూ పట్టించుకోరు. గడువు మీరిన చెల్లింపు అలా కాదు, 36 నెలల వరుసలో కూర్చుని వచ్చిన ప్రతి బ్యాంకుకూ కనిపిస్తుంది. అప్పు అడగబోని నెలలో నిష్పత్తి ఎక్కువైందని బెంగపడటం ఎందుకో నాకు అర్థం కాదు. అయితే ఈ మాటకు ఒక మినహాయింపు పెరుగుతోంది. అమెరికాలో 2020లో ప్రకటించిన ఫైకో 10టీ వంటి కొత్త స్కోర్లు రెండేళ్ల బాకీల నడకను చూస్తాయి: ప్రతి నెలా మొత్తం తీర్చేవాడా, బాకీ మోసుకుంటూ వచ్చేవాడా అని. చివరి వారంలో హడావుడిగా తీర్చి చూపించే ఉపాయం వాటి ముందు అంతగా పారదు. టెక్నీషియన్‌లాంటి వాడికి ఇది న్యాయమే చేస్తుంది.

నిష్పత్తి తగ్గించుకోవడానికి అందరూ చెప్పే ఇంకో మార్గం, లిమిట్ పెంచమని అడగడం. అంకగణితం ప్రకారం తిరుగులేదు: రూ.40,000 కాస్తా రూ.1 లక్ష అయితే 50 శాతం 20 అవుతుంది. మనుషుల ప్రకారం అంత తేలిక కాదు. డేవిడ్ గ్రాస్, నికొలస్ సూలెలెస్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, లిమిట్ పెరిగిన వెంటనే కార్డు అప్పు పెరుగుతుందనీ, లిమిట్‌కి చాలా దూరంలో ఉన్నవాళ్లలోనూ ఇది జరుగుతుందనీ తేల్చారు. స్కాట్ ఫుల్‌ఫర్డ్, స్కాట్ షూ తర్వాత చేసిన పరిశీలన ఇంకా ఆశ్చర్యం: ఏళ్ల తరబడి లిమిట్లు ఎంతగా మారినా, ఒక్కో మనిషి నిష్పత్తి మాత్రం కాస్త అటూ ఇటూగా తన పాత చోటికే వచ్చి చేరుతుంది. ఇవి అమెరికా లెక్కలే. కానీ లిమిట్ పెరిగిందని ఫోనులో మెసేజ్ వచ్చిన వారంలో టీవీ మారిన ఇళ్లు మనందరికీ తెలుసు. లిమిట్ పెంచుకొని ఖర్చు పెంచుకోకుండా ఉండగలిగే వాళ్లకే ఈ సలహా పనికొస్తుంది; అలాంటి వాళ్లకు సలహా అవసరం తక్కువ.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు అప్పు కొత్త కాదు, స్కోరే కొత్త. బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) ఈ ఊరిని కట్టినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి కుటుంబాలు వచ్చి మథురాకాటీ, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్లలో స్థిరపడ్డాయి. తర్వాతి రోజుల్లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఇక్కడి బీఎన్ఆర్ కార్మిక సంఘం నాయకుడిగా 1927 సమ్మె నడిపించినప్పుడు, జీతం ఆగిపోతే వంటింటికి ఏమవుతుందో ఈ కుటుంబాలు చూశాయి. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1931లో, విట్లీ అధ్యక్షతన ఉన్న రాయల్ కమిషన్ భారతీయ కార్మికులపై నివేదిక ఇచ్చింది. పారిశ్రామిక కేంద్రాల్లో మూడింట రెండొంతుల కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయనీ, చాలామంది బాకీ మూడు నెలల జీతాన్ని మించిందనీ అంచనా వేసింది. సాధారణంగా నడిచే వడ్డీ నెలకు రూపాయికి అణా. అంటే ఏడాదికి 75 శాతం. జీతం రోజున వడ్డీవాళ్లు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కాపు కాయడం ఎంత ముదిరిందంటే, దాన్ని ఆపడానికి బెంగాల్ ప్రభుత్వం 1934లో కలకత్తా చుట్టుపక్కల కోసం ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

అణా వడ్డీని ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, నెలకు 3.5 శాతం అని కార్డు బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఉండేది ఏడాదికి 42 శాతం. అణా వడ్డీలో సగానికి పైనే. ఏడాదికి 30 శాతం మించితే అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పిచ్చింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. వడ్డీకి 30 అనే గీత ఇప్పుడు లేదు, వాడకానికి 30 అనే గీత మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

ఇప్పుడు ఆ ఫ్రిజ్ దగ్గరికే వద్దాం. రూ.28,000 బాకీ మీద నెల వడ్డీ రూ.980. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు రూ.1,156. కనీస చెల్లింపు 5 శాతం అనుకుంటే రూ.1,400. అది కడితే అసలులో తగ్గేది రూ.244. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న వాటికి వడ్డీ లేని గడువు ఉండదు. టీ డబ్బులకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. కనీస మొత్తం సమయానికి కట్టినవాడికి ఆలస్యం పడదు, వరుసలో 000 అనే ఉంటుంది. కాబట్టి స్కోరు మీద పడే దెబ్బంతా వినియోగ నిష్పత్తి నుంచే. వాడకం ఎక్కువగా ఉన్న కార్డును చూసి బ్యాంకులు జంకేది ఇందుకే: ఆ నిష్పత్తి వెనుక జీతం రోజు కోసం ఎదురుచూసే టెక్నీషియన్ ఉండొచ్చు, లేదా నెలకు రూ.244 చొప్పున అసలు తీరుస్తున్నవాడూ ఉండొచ్చు. ఒక్క పక్షపు లెక్కలో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు.

ఈ ఊళ్లో వాడకం ఎగబాకే కాలం దుర్గాపూజ. రైల్వేలో 78 రోజుల ఉత్పాదకత బోనసు, నెలకు రూ.7,000 పరిమితి లెక్కన గరిష్ఠంగా రూ.17,951, పూజకు ముందే వస్తుంది. బట్టలు, ఊరికి టికెట్లు, ఇంటికి సామాను అన్నీ ఆ పదిహేను రోజుల్లోనే. బోనసును నేరుగా కార్డుకు కట్టేసి, పూజ ఖర్చు కార్డు మీదే పెట్టుకునే వాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది: వడ్డీ లేని గడువు దక్కుతుంది, బాకీ కూడా అదుపులో ఉంటుంది. దీనికి తిరగేసి చేసేవాళ్లే ఎక్కువ. ముందు కార్డు మీద కొనేసి, బోనసును చేబదుళ్లకు సర్ది, బిల్లు వచ్చేసరికి కనీస చెల్లింపు మీటకు చేరతారు.

రైల్వే ఊళ్లో ఇంకొక విచిత్రం ఉంది. మనిషి నిజాయితీగా తీర్చిన అప్పుల్లో చాలా భాగం బ్యూరోకు కనపడదు. ఉద్యోగుల సహకార పరపతి సంఘం నుంచి తీసుకుని, జీతం బిల్లులో నెలనెలా కోత పడే అప్పు బ్యాంకు అప్పు కాదు కాబట్టి మామూలుగా రిపోర్టుకు ఎక్కదు. పీఎఫ్ అడ్వాన్సు ఎక్కదు. వీధిలో నడిచే చీటీపాట ఎక్కదు. ఏడో వేతన సంఘం తర్వాత పోయిన పండగ అడ్వాన్సును 2020 అక్టోబరులో కోవిడ్ వేళ ఒక్కసారికి తిరిగి తెచ్చి, రూ.10,000 రూపే కార్డులో పెట్టి, పది వాయిదాల్లో జీతం నుంచి పట్టుకున్నారు, అదీ ఎక్కదు. ముప్పై ఏళ్లు కోత తప్పకుండా కట్టిన ఫిట్టర్‌కు సిబిల్ దగ్గర చరిత్రే ఉండకపోవచ్చు, రెండేళ్ల కిందట కార్డు తీసుకున్న అతని కొడుకుకు 780 ఉండొచ్చు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలి అప్పును తిరస్కరించవద్దని రిజర్వ్ బ్యాంక్ 2025 జనవరి నాటి ఆదేశాల్లో చెప్పింది. కౌంటర్ దగ్గర ఆ మాట ఎంతవరకు నిలుస్తుందన్నది బ్రాంచి మేనేజరును బట్టి ఉంటుంది.

కార్డుదారు చేతిలో ఉన్న పనిముట్లు మాత్రం గతంకంటే మెరుగు. రిజర్వ్ బ్యాంక్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చి ఆ జూలై నుంచి అమలు చేసిన కార్డు ఆదేశాల ప్రకారం, అడగకుండా లిమిట్ పెంచకూడదు. గడువు తర్వాత మూడు రోజులు దాటితేనే ఆలస్యంగా బ్యూరోకు చెప్పాలి. బిల్లు చక్రాన్ని ఒకసారి మార్చుకునే హక్కు కూడా వాటితోనే వచ్చింది, 2024 మార్చి సవరణ దాన్ని కనీసం ఒకసారి అని విస్తరించింది. ఖరగ్‌పూర్‌లో జీతగాళ్లకు నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే. గడువు తేదీ నెల మొదటి వారంలో పడేట్టు బిల్లు చక్రం పెట్టుకుంటే జీతం వేరే దారులు పట్టకముందే బిల్లు తీరిపోతుంది. నెలాఖరు లెక్కలో బాకీ కనిపిస్తుంది, నిజమే. 15 నాటి లెక్కలో అంతకంటే తక్కువ ఉంటుంది. కొన్ని బ్యాంకులు ఆ రోజు బాకీని కాక బిల్లులో పడిన మొత్తాన్నే పంపుతాయి, వాటి విషయంలో బిల్లు తయారయ్యే ముందురోజు కొంత కట్టేయడమే మార్గం.

ఇంత పట్టింపు ఎప్పుడు అవసరం? ఇంటి అప్పు అడగబోయే ముందు రెండు మూడు నెలలు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకుల ఇంటి రుణాలు బయటి ప్రామాణిక రేటుకు ముడిపడ్డాయి, దాని మీద వేసే అదనపు శాతాన్ని స్టేట్ బ్యాంక్ సహా పలు బ్యాంకులు స్కోరు శ్రేణిని బట్టి నిర్ణయిస్తున్నాయి. విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఫ్లాటుకు రూ.30 లక్షలు, 20 ఏళ్లకు తీసుకున్నారనుకోండి. 8.5 శాతమైతే నెల వాయిదా సుమారు రూ.26,035, 8.75 అయితే రూ.26,511. తేడా నెలకు రూ.476, ఇరవై ఏళ్లకు లక్షా పద్నాలుగు వేలు. స్కోరు 745 నుంచి 755కి దాటితే శ్రేణి మారేట్టుంటే, ఆ రెండు నెలలు కార్డు పక్కన పెట్టడం లాభసాటి. 790ని 810 చేసుకోవడానికి టీ మానేయక్కర్లేదు. పనిలో పనిగా ఇంకో లెక్క: ఆ ఫ్రిజ్ బాకీ మీద నెల వడ్డీ ఈ తేడాకు రెండింతలకు పైనే. బాకీ మోస్తూ స్కోరు గురించి బాధపడేవాడు చిన్న నష్టాన్ని చూసి పెద్దదాన్ని వదిలేస్తున్నాడు.

చివరగా, రిటైరై క్వార్టరు ఖాళీచేసి ఊరెళ్లే వాళ్ల సంగతి. పాత కార్డు మూసేస్తే లిమిట్ తగ్గి నిష్పత్తి పెరుగుతుందని హెచ్చరిస్తారు. అది రెండో కార్డు మీద బాకీ ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. మళ్లీ అప్పు తీసుకోబోని పెన్షనరుకు వార్షిక రుసుము కట్టి కార్డును బతికించుకోవాల్సిన పని లేదు. మూసేయమని అడిగాక, బాకీ లేకపోతే, బ్యాంకు ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.500 ఇవ్వాలి. మూశాక మాత్రం ఏడాదికి ఒకసారి ప్రతి బ్యూరో ఉచితంగా ఇవ్వాల్సిన పూర్తి రిపోర్టు తెప్పించుకొని, కార్డు మూసినట్టు నమోదైందో లేదో చూసుకోవాలి. తప్పు కనిపిస్తే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిదిద్దకపోతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఫిర్యాదు సంఖ్యను రాసిపెట్టుకోవడం ఆ పరిహారం అడిగేటప్పుడు పనికొస్తుంది.